గుండె ఉండాల్సిన చోట పొగాకు డబ్బా: ‘బిలవెడ్’ నవలలో బానిసల మనసు

పొలం దాటి వచ్చిన ఒక ఆడమనిషి, కాళ్లకు అంటిన సీమచామంతి జిగురు కడుక్కోవాలని పంపు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్తుంది. ఆ సమయంలో ఆమె బుర్రలో ఇంకే ఆలోచనా ఉండదు. వీపు మీద కొరడా దెబ్బలు తిన్న చర్మం ఎప్పుడో మొద్దుబారిపోయింది. పాత సంగతులూ అలాగే మొద్దుబారిపోయాయని అనుకుంటుంది. నీళ్లు చప్పుడు చేస్తూ పడతాయి. దారిలో తాను విప్పి పడేసిన బూట్లు, మేజోళ్లు కనిపిస్తాయి. కాళ్ల దగ్గర చేరిన మడుగులో కుక్క నీళ్లు తాగుతుంటుంది. అంతే, తాను బానిసగా బతికి, పద్దెనిమిదేళ్ల కిందట పారిపోయి వచ్చిన తోట మొత్తం ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆ తోటలో ఏ ఆకును తలుచుకున్నా ఆమెకు కేక పెట్టాలనిపిస్తుంది. అయినా తోట మాత్రం సిగ్గులేనంత అందంగా కనబడుతుంది. కొమ్మలకు వేలాడిన కుర్రాళ్ల కంటే ముందు ఆ చెట్లే గుర్తుకొస్తాయి. తన జ్ఞాపకం ఇలాంటి పని చేసినందుకు ఆమె దాన్ని క్షమించుకోలేదు.

అమెరికన్ నల్లజాతి రచయిత్రి టోని మారిసన్ 1987లో ప్రచురించిన ‘బిలవెడ్’ నవల మొదట్లోనే వచ్చే దృశ్యం ఇది. ఆ మనిషి పేరు సెథ. కథ నడిచేది 1873లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి శివార్లలోని ఒక ఇంట్లో. చట్ట ప్రకారం బానిసత్వం రద్దయి అప్పటికి ఎనిమిదేళ్లు. సెథ మెడ మీద యజమాని ఎవరూ లేరు. అయినా కాళ్లు కడుక్కుంటుంటే తోట వచ్చి మీద పడుతుంది.

‘అణచివేత’ అనే మాటను తెలుగులో ఎక్కువగా రాజకీయార్థంలోనే వాడతాం. పైవాడు కిందివాణ్ని అణచివేస్తాడు. అదే ధాతువుకు ‘కొను’ చేరిస్తే ‘అణచుకోవడం’ అవుతుంది, దెబ్బ దిశ లోపలికి తిరుగుతుంది. ఏడుపు అణచుకుంటాం, కోపం అణచుకుంటాం, చెప్పాల్సిన మాటను కడుపులోనే పెట్టుకుంటాం. మారిసన్ నవల పట్టుకున్నది ఈ రెండింటి మధ్య ఉన్న ముడినే. బయటి అణచివేత ఒక తేదీన ఆగిపోతుంది, దానికి చట్టం ఉంటుంది, సంతకం ఉంటుంది. లోపలి అణచుకోవడానికి అలాంటి తేదీ లేదు. పైగా అణచుకోవడం అప్పట్లో ప్రాణం కాపాడిన విద్య. దాన్ని రోగంగా మాత్రమే చూస్తే ఈ పాత్రలు సగమే అర్థమవుతాయి.

ఆ విద్య ఎందుకు అవసరమైందో తెలియాలంటే నవల వెనకున్న నిజం చూడాలి. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ భర్తతో, పిల్లలతో బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి, బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి చేరింది. గంటల వ్యవధిలోనే, పారిపోయిన బానిసల్ని పట్టుకునే వేటగాళ్లు వాళ్లు దాక్కున్న ఇల్లు చుట్టుముట్టారు. పిల్లలు మళ్లీ బానిసలు కాకూడదని ఆమె తన రెండేళ్ల కూతురి గొంతు కోసింది. కోర్టులో నలిగిన విషయం ఏమిటంటే, ఆమెను హంతకురాలిగా విచారించాలా, తప్పిపోయిన ఆస్తిగా యజమానికి అప్పగించాలా అని. హంతకురాలు అంటే ఆమెను మనిషిగా ఒప్పుకున్నట్టు. చివరికి 1850 నాటి పారిపోయిన బానిసల చట్టమే నెగ్గింది. ఆమెను వెనక్కి పంపేశారు. రెండేళ్ల తర్వాత ఆమె టైఫాయిడ్‌తో చనిపోయింది. ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తున్నప్పుడు మారిసన్ 1974లో ‘ది బ్లాక్ బుక్’ అనే సంకలనం తెచ్చారు. ఈ తల్లి గురించి రాసిన పాత పత్రికా కథనం ఆమెకు ఆ పనిలోనే ఎదురైంది.

మార్గరెట్ మనసులో ఏముందో చెప్పే కాగితాలు చాలా తక్కువ. ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. తప్పించుకుని వచ్చి ఆత్మకథలు రాసినవాళ్లు ఉన్నారు. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాశాడు, హ్యారియెట్ జేకబ్స్ 1861లో రాసింది. కానీ వాళ్లు రాసింది బానిసత్వ వ్యతిరేక ఉద్యమం కోసం, ముఖ్యంగా తెల్ల పాఠకుల కోసం. పాఠకులు ముఖం తిప్పుకునే చోటుకు రాగానే రచయితే తెర దించేయాల్సి వచ్చేది. ఇక చెప్పలేనంత ఘోరం అని ఒక ముక్క రాసి దాటేసేవారు. ఆ తెర వెనకున్న లోపలి జీవితాన్ని ఊహతో పూరించడమే తన పని అని మారిసన్ ఒక వ్యాసంలో స్పష్టంగా చెప్పుకున్నారు. చరిత్ర కాగితాలు వదిలేసిన ఖాళీలోనే ఈ నవల పుట్టింది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బానిసల మనసు గురించి ఆనాటి వైద్యం మాట్లాడకుండా ఏమీ లేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికన్ డాక్టర్, బానిసలు పారిపోవడం ఒక మానసిక రోగమని వాదించి దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. అతను చెప్పిన నివారణ మార్గాల్లో కొరడా ఒకటి. అంటే స్వేచ్ఛ కోరుకోవడం జబ్బు, కొట్టడం మందు! అలాంటి చరిత్ర ఉన్నచోట ఈ పాత్రలకు ఫలానా జబ్బు ఉందని లేబుల్ అంటించేటప్పుడు చేయి కొంచెం వణకాలి. తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే మానసిక సమస్యను అమెరికన్ మనోవైద్యుల సంఘం అధికారికంగా గుర్తించింది 1980లో, అదీ ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం వల్ల. ఉన్నట్టుండి పాత దృశ్యం కళ్ల ముందుకు రావడం, శరీరం మొద్దుబారడం, మనుషులకు దూరంగా ఉండిపోవడం లాంటి ఆ లక్షణాలు సెథలో వెతికితే దొరుకుతాయి. కానీ నవల చూసేంత దగ్గరగా ఆ జాబితా చూడలేదు.

సెథకు ఒక హోటల్ వంటింట్లో పని. తెల్లవారకముందే, వంటమనిషి ఇంకా రాకముందే, పాలక్యాన్ల వెనక ఇరుకు జాగాలో నిలబడి రొట్టెల పిండి పిసుకుతుంది. పిసకడం, మళ్లీ పిసకడం. గతాన్ని వెనక్కి నెట్టడమనే అసలు పనిని మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పని లేదంటుంది నవల. గతాన్ని నెట్టడాన్ని ‘పని’ అనడం చిన్న విషయం కాదు. అది సెథకు రోజూ చేయాల్సిన చాకిరీ, జీతం లేని చాకిరీ. ఒక రోజు మానేస్తే మర్నాటికి రెట్టింపు పేరుకుపోతుంది.

మనస్తత్వశాస్త్రంలో ఇక్కడ ఒక తేడా ఉంది. తెలిసి తెలిసి ఒక విషయాన్ని పక్కకు నెట్టడం వేరు, తనకే తెలియకుండా మనసు దాన్ని పూడ్చిపెట్టేయడం వేరు. ఫ్రాయిడ్ ఎక్కువగా మాట్లాడింది రెండోదాని గురించి. జ్ఞాపకం అలా పూర్తిగా పూడిపోయి, ఏళ్ల తర్వాత చెక్కుచెదరకుండా బయటికి రాగలదా అన్న విషయంలో మనస్తత్వవేత్తల మధ్య ఇప్పటికీ పెద్ద వాదం ఉంది. సెథ ఎక్కువగా చేసేది మొదటిది. ఆమె మరిచిపోలేదు, గుర్తు చేసుకోకుండా కాపలా కాస్తోంది. ‘బిలవెడ్’ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయడం మామూలైపోయింది. దానివల్ల ఆమె పడే శ్రమ కనిపించకుండా పోతుంది.

అయితే రెండో రకం కూడా నవలలో ఉంది, ఒకే ఒక్క చోట అంత గట్టిగా కనిపిస్తుంది. మీ అమ్మ నీకు ఎప్పుడూ తల దువ్వలేదా అని ఒకరు అడిగితే, లేదు, అమ్మను సరిగ్గా చూసిందే కొద్దిసార్లు అని సెథ జవాబు చెబుతుంది. తల్లి ఒకసారి కొట్టం వెనక్కి తీసుకెళ్లి, రొమ్ము కింద కాల్చి వేసిన గుర్తు చూపించింది. వలయం, అందులో శిలువ. నా ముఖం గుర్తుపట్టలేని పరిస్థితి వస్తే దీన్ని చూసి గుర్తుపట్టమంది. నాకూ అలాంటి గుర్తు వేయమని పసి సెథ అడిగితే చెంప మీద కొట్టింది. ఇదంతా చెబుతూ చెబుతూ సెథ చటుక్కున లేచి, ఉతికిన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెడుతుంది. తనకు తెలుసన్న సంగతే మరిచిపోయిన ఒక విషయం ఆ చెంపదెబ్బ జ్ఞాపకం వెనక నుంచి బయటికి వస్తుంది. నాన్ అనే ముసలామె తన చేయి పట్టుకుని చెప్పింది: మీ అమ్మా నేనూ ఒకే ఓడలో వచ్చాం, తెల్లవాళ్ల వల్ల పుట్టిన పిల్లలందరినీ మీ అమ్మ పారేసింది, నిన్నొక్కదాన్నే ఉంచుకుంది. అప్పుడు నాన్ మాట్లాడిన భాష సెథకు ఇప్పుడు రాదు. మాటలు పోయాయి, అర్థం మాత్రం మిగిలింది. తల్లి భాష పోగొట్టుకున్న మనిషికి తల్లి చేసిన పని ఇన్నేళ్లకు అర్థమవుతుంది. తాను చేసిన పనికి అది ఎంత దగ్గరగా ఉందో పాఠకుడికి అప్పటికి ఇంకా తెలియదు.

తాను చేసిన పని: పారిపోయి వచ్చి స్వేచ్ఛగా బతికింది 28 రోజులు. ఆ తర్వాత ‘స్కూల్ టీచర్’ అని పిలిచే యజమాని మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. తన శిష్యులతో నోటు పుస్తకంలో ఒకవైపు సెథ మనిషి లక్షణాలు, మరోవైపు జంతు లక్షణాలు రాయించినవాడు. ఆ రాతకు వాడిన సిరా తయారు చేసింది సెథే. గుర్రం మీద అతని టోపీ కనబడగానే ఆమె పిల్లల్ని కట్టెల కొట్టంలోకి లాక్కెళ్లింది. పాకే వయసున్న కూతురు రంపానికి బలైంది.

ఈ సంఘటన గురించి నవల చుట్టూ చుట్టూ తిరుగుతుంది, చాలాసేపటి దాకా నేరుగా చెప్పదు. తీరా చెప్పినప్పుడు కూడా వేటకొచ్చిన తెల్లవాళ్ల కళ్లతో చూపిస్తుంది. ఒకప్పుడు అదే తోటలో తనతోపాటు బానిసగా ఉన్న పాల్ డికి సెథ స్వయంగా చెప్పబోయినప్పుడు వంటగదిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అడిగినవాళ్లకు ఈ విషయాన్ని సూటిగా చెప్పడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. అణచుకున్న మనిషి మాట ఎలా నడుస్తుందో అర్థం కావడానికి ఆ ప్రదక్షిణ ఒక్కటి చాలు. మారిసన్ తన కథనాన్నే ఆ నడకకు అప్పగించారు.

పాల్ డి సంగతి ఇంకోరకం. ఒకప్పుడు ఎర్రటి గుండె ఉన్న చోట ఇప్పుడు అతనికి పొగాకు డబ్బా ఉంది, మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. జైలు, కాలిపోయిన స్నేహితుడు, అన్నదమ్ములు, నోట్లో ఇనుము రుచి, అన్నీ ఒక్కొక్కటిగా అందులోకి వెళ్లిపోయాయి. ఇనుము రుచి ఎందుకంటే, గుర్రానికి పెట్టినట్టు అతని నోటికి కళ్లెం పెట్టారు. నాలుక నొక్కిపట్టే ఇనుప కడ్డీ. అలా నిలబెట్టినప్పుడు పెరట్లో ‘మిస్టర్’ అనే కోడిపుంజు తొట్టి మీద కూర్చుని తన వంక చూస్తోంది. గుడ్డు పగలగొట్టుకుని బయటికి రాలేకపోతుంటే ఒకప్పుడు దానికి సాయం చేసింది ఇతనే. కొరడా దెబ్బల గురించి చెప్పగలడు, ఆ కోడి చూపు గురించి చెప్పడం కష్టం. కోడి కోడిగానే బతికింది, చచ్చి కూరైనా అది మిస్టర్ అనే కోడే. తనకు ఆ మాత్రం కూడా మిగల్లేదు. అంతదాకా చెప్పి ఆపేస్తాడు, మిగతాది డబ్బాలోనే ఉంచుతాడు. సెథ ఏమీ అడక్కుండా అతని మోకాలు నిమురుతూ ఉంటుంది. ఆమె పిండి పిసికే సంగతి వచ్చేది సరిగ్గా ఇక్కడే.

నోటికి కళ్లెం పడిన మనిషి తర్వాత నోళ్లను చదవడం నేర్చుకుంటాడు. పిల్లను చంపిన సెథ గురించి పాత పేపర్ ముక్కను ఎవరో తెచ్చి చూపిస్తే, చదువురాని పాల్ డి బొమ్మ చూసి ఇది ఆమె నోరు కాదు అంటాడు. మళ్లీ మళ్లీ అదే మాట. నమ్మకూడదని మొండిగా అనుకున్న మనిషి పట్టుకోగలిగింది ఆ ఒక్క నోటినే.

జార్జియాలో సంకెళ్ల ఖైదీగా ఉన్న రోజుల్లో 46 మందిలో ఒకడిగా అతన్ని భూమిలో తవ్విన పెట్టెల్లో పెట్టారు. అక్కడ అతని చేతులు మాట వినడం మానేశాయి. చెంచా పట్టుకోలేనంత వణుకు. సుత్తి చేతికి ఇవ్వగానే ఆ వణుకు ఆగేది. తల మరిచిపోయినట్టు నటించగలదు, చేతులకు నటన రాదు. ఈ నవలలో ప్రతి జ్ఞాపకమూ దెబ్బ తిన్న అవయవంలోనే కాపురం ఉంటుంది. సెథకు వీపులో, యజమాని మేనల్లుళ్లు పాలు లాక్కున్న రొమ్ముల్లో. ఆమె భర్త హాలీ కొట్టం అటక మీద దాక్కుని ఆ దృశ్యం చూశాడు, దిగలేకపోయాడు. తర్వాత అతను వెన్న బాన పక్కన కూర్చుని పెరుగూ వెన్నా ముఖానికి పూసుకుంటూ కనిపించాడు. పద్దెనిమిదేళ్లకు ఈ సంగతి పాల్ డి నోట విని, తనకూ అలా పిచ్చెక్కిపోతే బాగుండేదని సెథ అనుకుంటుంది. ముగ్గురు పిల్లలు తన పాల కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆ తీరిక కూడా దొరకలేదు. ఇంత చిన్న మాటలో ఎంత అలసట ఉందో!

సెథ అత్త బేబీ సగ్స్‌కు ఎనిమిది మంది పిల్లలు. హాలీ ఒక్కడు తప్ప అందరూ చేజారిపోయారు. పెద్దకూతురి గురించి ఆమెకు గుర్తున్నది ఒక్కటే, ఆ పిల్లకు రొట్టె అడుగున మాడిన పొర ఇష్టమని. ఎలాగూ తీసుకుపోతారని తెలిసిన తర్వాత పిల్లల ముఖాల్ని సరిగ్గా చూడటం కూడా మానేసింది. తల్లి మనసు రాయి కావడమంటే ఇదే అనిపించవచ్చు. కానీ ఇన్నేళ్లకూ ఆ మాడు రొట్టె సంగతి ఆమె వదల్లేదు.

బానిసత్వం చూడని డెన్వర్‌కు కూడా ఇందులో వాటా వచ్చింది. సెథ చిన్నకూతురు ఈమె. చదువుకునే చోట తోటిపిల్లాడు, మీ అమ్మ హత్య చేసి జైలుకెళ్లిందట కదా అని అడిగాడు. ఇంటికొచ్చి అదే మాట తల్లిని అడిగింది, కానీ జవాబు వినలేదు. చెవులు మూసుకుపోయాయి. రెండేళ్లు ఏ శబ్దమూ లేదు. వినకూడని జవాబును అడ్డుకోవడానికి ఆ పిల్ల శరీరం మొత్తం ప్రపంచాన్నే ఆపేసింది. మళ్లీ ఆమెకు వినిపించిన మొదటి శబ్దం చనిపోయిన అక్క మెట్ల మీద పాకుతున్న చప్పుడు.

ఆ అక్క ఒక రోజు నిండు యువతిగా నీళ్లలోంచి నడిచి వస్తుంది. సమాధి రాయి మీద ఉన్న ‘బిలవెడ్’ అన్న ఒక్క మాటే ఆమె పేరు. ఇంగ్లిష్‌లో ఆ ఏడు అక్షరాలు చెక్కినందుకు రాళ్లు చెక్కేవాడికి సెథ పది నిమిషాలపాటు తన ఒంటినే కూలిగా ఇచ్చుకుంది. ఈ రాకతో కథ దయ్యం కథలా మారినట్టుంటుంది, కానీ మనసు లెక్కలో ఇది చాలా తార్కికమైన మలుపు. పూడ్చింది లేచి వచ్చింది. మొదట్లో బిలవెడ్ కథలు అడుగుతుంటే సెథ చెబుతుంది, చెప్పడంలో హాయి ఉందని ఆశ్చర్యపోతుంది. కడుపులోది కక్కేస్తే భారం దిగుతుందని అందరం అంటాం. సెథ విషయంలో అలా జరగదు. ఆమె ఉద్యోగం పోగొట్టుకుంటుంది, దాచుకున్న 38 డాలర్లు రిబ్బన్లకూ తినుబండారాలకూ ఖర్చుపెడుతుంది, రాత్రింబగళ్లు సంజాయిషీ ఇస్తూనే ఉంటుంది. బిలవెడ్ కడుపు పెరుగుతుంది, సెథ ఎండిపోతుంది. తలుపు వేసుకుని గతంతో ఒంటరిగా మాట్లాడితే గతం మనిషినే తినేస్తుంది. నవల మొత్తంలో అన్నిటికంటే ధైర్యమైన పరిశీలన ఇదే. అణచుకోవడం ప్రమాదమని చాలామంది రాశారు. తోడు లేకుండా తవ్వుకోవడం అంతకంటే ప్రమాదమని చూపినవాళ్లు అరుదు. మనుషుల మధ్య తప్ప ఇలాంటి గాయం మానదని మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో సిద్ధాంతంగా రాశారు. ఐదేళ్ల ముందే ఈ నవల దాన్ని ఆకలితో, అన్నంతో చెప్పింది.

డెన్వర్ గడప దాటుతుంది. పని కావాలని, ఇంట్లో తిండి లేదని ఇరుగుపొరుగుకు చెబుతుంది. ఆ తర్వాత పెరటి అంచున గిన్నెలు కనిపించడం మొదలవుతుంది. ఒక రోజు బీన్స్ సంచి, ఒక రోజు గుడ్లు. కొన్నిటితోపాటు ఇచ్చినవాళ్ల పేరు రాసిన కాగితం ముక్క. గిన్నె తిరిగివ్వడానికి వెళ్లినప్పుడల్లా డెన్వర్ ఒక కొత్త మనిషిని పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పాల్సి వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి వైపు చూడని ఆడవాళ్లు చివరికి ముప్పై మంది కలిసి వచ్చి ఇంటి ముందు పాడతారు. అదే సమయంలో బండి మీద ఒక తెల్లాయన వస్తాడు, డెన్వర్‌ను పనికి తీసుకెళ్లడానికి. సెథకు అతనిలో స్కూల్ టీచర్ కనిపిస్తాడు. పాత దృశ్యమే మళ్లీ మొదలవుతుంది, కానీ ఈసారి ఆమె తన పిల్ల వైపు తిరగలేదు. ఐసు పగలగొట్టే మొనతో అతని మీదికి పరిగెడుతుంది. జనం ఆపుతారు. గాయం అదే, దాని దిశ మాత్రం ఇన్నేళ్లకు మారింది. ఆ గందరగోళంలో బిలవెడ్ మాయమైపోతుంది.

తర్వాత సెథ మంచం దిగదు. బేబీ సగ్స్ చివరి రోజులు గడిపిన మంచమే అది. పాల్ డి తిరిగొచ్చి, నీళ్లు కాచి నీకు స్నానం చేయిస్తానంటాడు. ఒకప్పుడు ఆమె చేసిన పని విని, నీకున్నవి రెండు కాళ్లు, నాలుగు కాదు అని వెళ్లిపోయినవాడు. నా పాదాలు లెక్కపెడతావా అని సెథ అడుగుతుంది. పారిపోయి ఈ ఇంటికి చేరిన మొదటి రాత్రి అత్త ఆమె ఒంటిని ఒక్కో భాగంగా కడిగింది. ఇప్పుడితనూ అలాగే చేస్తాడా, ముందు ముఖం, తర్వాత చేతులు, తొడలు, పాదాలు, వీపు, చివరికి అలసిపోయిన రొమ్ములు? అలా ముక్కలుగా కడిగితే ఆ ముక్కలు విడిపోకుండా ఉంటాయా? ఆమె కళ్లు మూసుకుని ఈ లెక్కే వేసుకుంటూ ఉంటుంది, అతను మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు.